ఏడాదికి ఎన్ని నెలల పని? మిర్యాలగూడ నుంచి ఒక జీతం లెక్క, ఒక వంట లెక్క

ఇవ్వాళ్టి ఎపిసోడ్‌లో ఒక లెక్క చెప్త. నిలకడైన పని గురించి. ఇంట్లో దాన్ని పర్మనెంట్ జాబ్ అంటరు. పెళ్లి సంబంధాలు తెచ్చేటోళ్లు "పిలగాడు సెటిలయ్యిండా?" అని అడుగుతరు. పేరు ఏదైనా అందరం వెతికేది అదే. కానీ ఒక పని నిలకడగా ఉంటదా ఉండదా అని చేరకముందే ఎట్లా తెలుసుకోవాలో మనకు బడిలో చెప్పలేదు, కాలేజీలో చెప్పలేదు. పని అడగబోతే మన నోట్లోంచి ముందు వచ్చే మాట "జీతం ఎంత సార్?"

నా ముందు ఇప్పుడు రెండు పనులున్నయి. బుధవారంలోపు ఒకదానికి సరే అని చెప్పాలె. ఆ రెండింటినీ మీ ముందే లెక్క కడతా. మీ దగ్గర కూడా ఇట్లాంటివి రెండుంటే అంకెలు మార్చుకుని మీరూ కట్టుకోవచ్చు.

మాది మిర్యాలగూడ. తెలియనోళ్లకు చెప్తున్న, నల్లగొండ జిల్లా, సికింద్రాబాద్ నుంచి గుంటూరు పోయే రైలు లైన్ మీద వస్తది. ఆసియాలోనే ఎక్కువ రైస్ మిల్లులున్న ఊరు అని మావోళ్లు గర్వంగా చెప్పుకుంటరు. ఆ పోటీ సంగతి పక్కన పెడితే, రాత్రిపూట బస్సులో వస్తున్నప్పుడు ఉడికిన వడ్ల వాసన తగిలిందంటే ఊరొచ్చిందని కండ్లు తెరవకుండానే చెప్పొచ్చు. ఈదులగూడ దిక్కు రెండు గదుల పోర్షన్‌లో అమ్మ, నేను ఉంటం. అమ్మ ఇంట్లనే మిషన్ కుడతది. నేను బీకాం అయిపోయినంక కొన్నాళ్లు సెల్ పాయింట్‌లో చేసిన, దసరా సీజన్‌కు బట్టల షాపులో చేసిన, రెండు పంటల కాలం మిల్లు దగ్గర కాంటా రాసిన. అన్నీ పనులే. ఒక్కటీ ఏడాది పొడుగునా లేదు.

ఆదివారం మా ఇంట్ల వంట పెద్దది. దోస్తులు ఆరుగురు వస్తరు. ఒకడు దామరచర్ల దగ్గర కట్టిన పవర్ ప్లాంట్‌లో కాంట్రాక్టరు కింద హెల్పర్. ఒకడు మిల్లులో బాయిలర్ దగ్గర. ఒకడు డెలివరీ బండి నడుపుతడు. ఒకడు గ్రూప్స్‌కు చదువుతున్నడు. ఇంకో ఇద్దరు అన్నదమ్ములు, జిరాక్స్ షాపు. వీళ్లలో నలుగురి రూముల్లో పొయ్యి లేదు, వారమంతా మెస్సే. అందుకే ఆదివారం మా ఇల్లు. మనిషికి వంద రూపాయలు ఫోన్‌పే కొడతరు. కిలోన్నర కోడి, కిలో బియ్యం, పెరుగు, ఉల్లిగడ్డలు, నూనె, అన్నీ అందులోనే. ఈ వంట గురించి ఎందుకు చెప్తున్ననంటే, ఊర్లో ఎవరు ఎక్కడ తీసుకుంటున్నరు, ఏ సేటు జీతం టైముకు ఇస్తడు, ఎక్కడ పీఎఫ్ కడుతున్నరు అనేది నాకు తెలిసింది ఏ వెబ్‌సైట్‌లోనో కాదు, ఉల్లిగడ్డలు కోసుకుంటూనే.

ముందు అన్నం సంగతి మాట్లాడుకుందాం, ఎందుకంటే జీతం లెక్కకు దారి అక్కడి నుంచే ఉంది.

బియ్యం మిల్లుల ఊర్లో పుట్టినోనికి బియ్యం అంటే ఒకే వస్తువు కాదు. పచ్చి బియ్యమా, ఉప్పుడు బియ్యమా? కొత్తయా, పాతయా? బీపీటీయా, ఆర్ఎన్ఆరా? బీపీటీ 5204 అంటే సాంబ మసూరి, బాపట్ల పరిశోధనా కేంద్రం నుంచి 1986లో వచ్చింది. హోటల్ల, పెండ్లిల్ల సన్నన్నం అంటే చాన్నాళ్లు అదే. ఆర్ఎన్ఆర్ 15048 మన రాజేంద్రనగర్‌లో వ్యవసాయ విశ్వవిద్యాలయం తయారు చేసింది, దాన్నే తెలంగాణ సోన అంటున్నరు. ఇంకా సన్న గింజ, తొందరగా ఉడుకుతది. నీళ్లు, మంట కొంచెం తగ్గించుకోవాలె, లేకుంటే చిదిమి ముద్దయితది.

కోతలప్పుడు మరాడించిన కొత్త బియ్యం వెంటనే వండితే మెతుకు మెతుకు అంటుకుంటది. అదే బియ్యం ఆరు నెలలు మూటలో ఉంటే ఎక్కువ నీళ్లు తాగుతయి, మెతుకు సాగుతది, విడివిడిగా వస్తది. అందుకే కొత్త బియ్యానికి గ్లాసుకు గ్లాసున్నర నీళ్లు చాలు, పాతవాటికి రెండు కావాలె. ఇది ఇద్దరు ముగ్గురికి వండేటప్పటి లెక్క. పది గ్లాసుల బియ్యానికి ఇరవై గ్లాసులు పోస్తే మాత్రం పాయసమే. పెద్ద గిన్నెలో మూత పెట్టి వండితే ఆవిరిగా పోయే నీళ్లు, బియ్యంతో పోల్చుకుంటే తక్కువ. పది గ్లాసులకు పదహారు, పదిహేడు సరిపోతయి. ముందు ఎసరు బాగా మరిగినంకనే నానబెట్టిన బియ్యం పొయ్యాలె, నీళ్లు బియ్యం సమానంగా కనిపించంగనే మంట తగ్గించి మూత పెట్టాలె, దించినంక పది నిమిషాలు గంటె పెట్టొద్దు. పది మందికి వండేటోళ్లు ఈ ఒక్కటి గుర్తుపెట్టుకుంటే చాలు, మిగతాది కూరతో నడిచిపోతది.

అమ్మ ఒకప్పుడు వానాకాలం పంట వచ్చినంక ఏడాదికి సరిపడా గాసం గింజలు ఒకేసారి తీసుకునేది. మూటలో వేపాకు వేసి, పాతబడనిచ్చి తర్వాత వాడేది. ఇప్పుడు కొంచెం మారింది. 2025 మార్చి 30న, ఉగాది నాడు, మా పక్కనే హుజూర్‌నగర్‌లో రేషన్ కార్డులకు సన్న బియ్యం ఇచ్చే పథకం మొదలుపెట్టిండ్రు. మనిషికి 6 కిలోలు. మా ఇద్దరికి 12. ముందు దొడ్డు బియ్యం వచ్చినప్పుడు దోసె పిండికో ఇడ్లీ రవ్వకో పోయేవి, ఇప్పుడు ఆదివారం గిన్నెలోకే వస్తున్నయి. అయినా అమ్మ పద్ధతి మారలేదు. ఇల్లు ఏడాది లెక్కన నడవాలె అంటది. గాసం ఏడాదికి, కిరాయి ఏడాదికి, చిట్టీ ఏడాదికి, పండుగ బట్టలు ఏడాదికి. పని ఒక్కటే మనం నెల లెక్కన అడుగుతం. అమ్మ మాటలోంచే నాకు ఈ ఎపిసోడ్ ఆలోచన వచ్చింది.

ఇప్పుడు మా ఊరి పని క్యాలెండర్ చూడండి. మాకు నీళ్లు నాగార్జునసాగర్ ఎడమ కాలువ నుంచి వస్తయి. వానాకాలం వడ్లు అక్టోబర్ నుంచి వస్తయి, యాసంగి వడ్లు ఏప్రిల్ నుంచి. ఆ రోజుల్లో వేములపల్లి దిక్కు పోతే రోడ్డు పొడుగునా ట్రాక్టర్లే. కోత మిషన్ కోసిన పచ్చి వడ్లు ఆరబెట్టకుండా అట్లనే మిల్లు గేటు కాడికి తెస్తరు. అప్పుడు కాంటా రాసేటోడు కావాలె, తేమ చూసేటోడు కావాలె, గుమాస్తా కావాలె, డ్రైవర్ కావాలె, హమాలీలు కావాలె. "రేపే రా తమ్మీ" అంటరు. రెండు నెలలు తిరిగేసరికి ఆ తొందర పోతది. "ఫోన్ చేస్త తమ్మీ" అంటరు. మాట తేడా గమనించిండ్రా?

కాలువలో నీళ్లు రాకపోతే ఆ తొందర కూడా ఉండదు. 2023-24లో కృష్ణకు వరద సరిగ్గా రాక, సాగర్ నిండక, యాసంగికి ఎడమ కాలువ కింద సాగునీళ్లు ఇవ్వలేదు. పొలం ఎండితే రైతుకు నష్టమని అందరికీ తెలుసు. మిల్లు దగ్గర కాంటా రాసే పిలగానికి కూడా ఆ సీజన్ పోయినట్టే. వాని పేరు ఏ లెక్కలో రాదు.

అట్లని మిల్లు పనులన్నీ సీజన్ పనులే అనుకోవద్దు. వంద కిలోల వడ్లు ఆడిస్తే ప్రభుత్వానికి తిరిగి ఇయ్యాల్సిన బియ్యం లెక్క పచ్చివైతే 67 కిలోలు, ఉప్పుడువైతే 68. మిగిలింది నూకలు, తవుడు, ఊక. ఊక బాయిలర్‌లోకి పోతది, తవుడు నూనె తీసేటోళ్లకు పోతది. వడ్లు కొనేది కొన్ని నెలలే గానీ, గోదాముల్లో ఉన్న వడ్లు ఆడించుడు, సార్టెక్స్ పట్టుడు, బస్తాలు నింపుడు, లారీలు పంపుడు మిగతా నెలల్లో కూడా నడుస్తది. అంటే ఒకే గేటు లోపల రెండు రకాల పనులున్నయి. వడ్లతో వచ్చి వడ్లతో పోయేవి కొన్ని. మిషన్‌తో పాటు ఉండేవి కొన్ని. మనం ఏ దిక్కు నిలబడుతున్నమో చూసుకోవాలె.

మా బాయిలర్ దోస్తు సంగతి చెప్త. ఐటీఐ చేసిండు. హెల్పర్‌గా చేరిండు, పెద్దోళ్ల దగ్గర నేర్చుకున్నడు, తర్వాత బాయిలర్ అటెండెంట్ పరీక్ష రాసి సెకండ్ క్లాస్ సర్టిఫికెట్ తెచ్చుకున్నడు. ఆవిరి బాయిలర్ నడపాలంటే సర్టిఫికెట్ ఉన్న మనిషి ఉండాలని చట్టం ఉంది, ప్రభుత్వంలో దానికి బాయిలర్ల శాఖే వేరేగా ఉంది. వాడు అన్న మాట నాకు నచ్చింది: "సేటుకు నా మీద కోపమొచ్చినా, నా కాయితం మీద కోపం రాదన్నా." బీకాం చదివిన నాకంటే వాడే ముందు సెటిలయ్యిండు. ఇంటర్ తర్వాత ఏం చెయ్యాలని ఆలోచించే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, చట్టమే మనిషిని పెట్టమని చెప్పే పనులు ఏమున్నయో ఒకసారి చూడండి. బాయిలర్ ఒకటి, ఎలక్ట్రికల్ సూపర్‌వైజర్ ఒకటి, మందుల షాపుకు ఫార్మసిస్టు ఒకటి.

హమాలీ పని గురించి ఒక మాట. మా దగ్గర మిల్లుల్లో బస్తాలు మోసేటోళ్లలో చాలామంది బీహార్ నుంచి వచ్చినోళ్లు. 2020 లాక్‌డౌన్‌లో దేశమంతా రైళ్లు వలస కూలీలను సొంతూర్లకు తీసుకపోతుంటే, మే 8న ఒక రైలు ఎదురు వచ్చింది. బీహార్‌లోని ఖగరియా నుంచి లింగంపల్లికి, రెండు వందల మందికి పైగా, తెలంగాణ రైస్ మిల్లుల్లో పనికి. అక్కడి నుంచి బస్సుల్లో జిల్లాలకు పంపిండ్రు. యాసంగి వడ్లు వచ్చి పడ్డయి, దించే చేతులు లేవు. ఎవరి చేతుల మీద మన అన్నం గిన్నె నిండుతుందో ఆ ఒక్క రైలు చెప్పింది. వాళ్లకు బస్తాకు ఇంత అని లెక్క. బస్తా లేని రోజు పైసా లేదు.

సరే, నా రెండు పనులు.

మొదటిది వడ్ల వ్యాపారి దగ్గర గుమాస్తా. నెలకు 15,000, చేతికి నగదు. మనిషి మంచోడు, అది కూడా చెప్పాలె. నేను అడిగిన: "సేటూ, ఏడాదికి ఎన్ని నెలలు?" ఆయన కొంచెం ఆగి, "రెండు సీజన్లు కలిపి ఎనిమిది నెలలు అనుకో తమ్మీ, మిగతా నాలుగు నెలలు చూద్దాం" అన్నడు. దాచలేదు, ఉన్నది చెప్పిండు.

రెండోది ఒక మిల్లులో స్టాక్ రాసే పని, కంప్యూటర్ మీద. నెలకు 12,500. పీఎఫ్, ఈఎస్ఐ ఉన్నయి. పన్నెండు నెలలు.

అమ్మ మొదట అడిగింది, "చేతికొచ్చేది ఎంత బిడ్డా?" అని. మంచి ప్రశ్న. 12,500లో నా వంతు పీఎఫ్ 12 శాతం, అంటే 1,500 కోస్తరు. ఈఎస్ఐ 0.75 శాతం, 94 రూపాయలు. చేతికి 10,906. అంటే మొదటి పని కంటే నెలకు 4,094 తక్కువ. ఈ మాట వినంగనే మా డెలివరీ తమ్ముడు "ఇంకేం లెక్క అన్నా, పదిహేను వేలకు పో" అన్నడు. నిజానికి ఎవరైనా అదే అంటరు.

ఇప్పుడు ఏడాదికి కట్టండి. 15,000 ఎనిమిది నెలలు అంటే 1,20,000. 10,906 పన్నెండు నెలలు అంటే 1,30,872. చిన్న జీతమే పెద్దదైంది.

కానీ ఇక్కడ ఆగితే నేను మీకు అబద్ధం చెప్పినట్టే. ఖాళీ నాలుగు నెలలు ఇంట్ల కూసుంటమా? ఏదో ఒకటి చేస్తం. నెలకు ఎనిమిది వేలు దొరికినా 32,000. అప్పుడు మొదటి దిక్కు 1,52,000 అయితది. జిరాక్స్ అన్న ఈ మాట పట్టుకున్నడు, వాడు చెప్పింది నిజమే.

మరి రెండో దిక్కు దాచిపెట్టిన డబ్బు కూడా లెక్కలోకి తీసుకోవాలె కదా. పీఎఫ్‌లో నాది 1,500 పోతే, యజమాని ఇంకో 1,500 వేస్తడు. ఆ 1,500 రెండు ముక్కలు. 8.33 శాతం, అంటే 1,041, పెన్షన్ ఖాతాకు పోతది. మిగిలిన 459 నా పీఎఫ్‌లో పడతది. అంటే నెలకు నా పీఎఫ్‌లో 1,959. ఏడాదికి 23,508. 2024-25కు దాని మీద వడ్డీ 8.25 శాతం ఇచ్చిండ్రు. చేతికొచ్చే 1,30,872కు ఇది కలిపితే 1,54,380. పెన్షన్‌కు పోయింది వేరే. పెన్షన్ రావాలంటే పదేళ్ల సర్వీసు కావాలె, అది నేను ఇప్పుడు లెక్కపెట్టుకోను.

చూసిండ్రా, రెండూ దాదాపు సమానానికి వచ్చినయి. ఒక దిక్కు నాలుగు నెలలు నేను తిరిగి పని దొరికిచ్చుకుంటే 1,52,000. ఇంకో దిక్కు తిరగకుండా 1,54,380, అందులో కొంత దాపు. కాబట్టి రూపాయల్లో గెలిచేది ఎవరు అనేది అసలు సంగతి కాదు. నడుమ జ్వరమొస్తే ఎవరు మోస్తరు అనేది సంగతి.

అక్కడ ఈఎస్ఐ వస్తది. నా జీతంలోంచి పోయేది 94 రూపాయలు, యజమాని కట్టేది 3.25 శాతం, 407 రూపాయలు. పేరు నమోదైన రోజు నుంచే వైద్యం ఉంటుంది, నాకొక్కనికే కాదు, నా మీద ఆధారపడ్డ అమ్మకు కూడా. అమ్మకు షుగర్. నెలకు మందులకు 1,200 దాకా అయితది. నేను మంచాన పడితే, ఆరు నెలల కాలంలో 78 రోజుల చందా కట్టి ఉంటే, జీతంలో 70 శాతం చొప్పున ఏడాదికి 91 రోజుల దాకా ఇస్తరు. నగదు జీతం దిక్కు జ్వరమొచ్చిన రోజు జీతం బందు. ఈఎస్ఐ ఆసుపత్రుల్లో లైన్లు పెద్దగా ఉంటయి, ఆ మాట కూడా నిజమే. లైన్‌లో నిలబడే హక్కు ఉండుడు వేరు, లేకపోవుడు వేరు.

కొందరు పీఎఫ్ లేదంటే యజమాని మోసం చేస్తున్నడు అనుకుంటరు. అన్నిసార్లు కాదు. మామూలుగా ఇరవై మంది, ఆపైన పనిచేసే చోట పీఎఫ్ తప్పనిసరి, పది మంది నుంచి ఈఎస్ఐ. మా వడ్ల వ్యాపారి దగ్గర నలుగురే. చట్టం ఆయన దాకా రాదు. ఈఎస్ఐకి జీతం 21,000 దాటొద్దు. పీఎఫ్ పరిమితి 15,000 అంటరు కదా, చేరేటప్పుడు దానికి లోపల జీతమున్నోళ్లకు తప్పనిసరి అని దాని అర్థం.

మీ జీతంలోంచి కోస్తున్నరు సరే, నిజంగా కడుతున్నరా? ఫోన్‌లోనే చూసుకోవచ్చు. చేరంగనే యూఏఎన్ అని పన్నెండు అంకెల నంబర్ వస్తది. పని మారినా అదే నంబర్, రెండోది తీసుకోవద్దు. ఉమంగ్ యాప్‌లో ఈపీఎఫ్ఓలోకి పోతే పాస్‌బుక్ కనిపిస్తది. ఏ నెల జీతానికి సంబంధించింది వచ్చే నెల 15 లోపు జమ చెయ్యాలె. వరుసగా రెండు నెలలు కనిపించకపోతే అప్పుడే అడగండి, ఏడాది అయినంక అడిగితే అందరూ మరిచిపోయినట్టే మాట్లాడుతరు. అపాయింట్‌మెంట్ లెటర్ కూడా అడగండి. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి తెచ్చిన కొత్త లేబర్ కోడ్‌లలో ఆ కాయితం ఇవ్వాలనే ఉంది. సిగ్గుపడే పనేం లేదు. "సార్, బ్యాంకుల అకౌంట్‌కు కావాలె" అని అడిగినా ఇస్తరు.

గవర్నమెంట్ జాబ్ సంగతి ఏందని మీరనుకుంటరు. మా గ్రూప్స్ దోస్తును అడిగితే చెప్తడు. 2022 చివర్ల గ్రూప్-4 నోటిఫికేషన్ వచ్చింది, ఎనిమిది వేల పైచిలుకు పోస్టులకు తొమ్మిదిన్నర లక్షల దరఖాస్తులు. గ్రూప్-1 ప్రిలిమ్స్ 2022 అక్టోబర్‌లో రాస్తే లీకేజీతో రద్దయింది, 2023 జూన్‌లో మళ్లీ రాస్తే అది కూడా రద్దు, 2024లో కొత్త నోటిఫికేషన్. వాడు మూడూ రాసిండు. ఉల్లిగడ్డలు మాత్రం మా అందరికంటే సన్నగా కోస్తడు, ఓపిక అట్లాంటిది. చదవొద్దని నేను అనను. చదువుకుంటూనే పీఎఫ్ ఉన్న చిన్న పని ఒకటి చేతిలో పెట్టుకోమని మాత్రం ప్రతి ఆదివారం చెప్తున్న.

ఇంకో సలహా ప్రతివారం వస్తది: "అన్నా, నువ్వే మెస్ పెట్టు." కోడికూర తిన్న నోటితో చెప్పే మాట, అయినా లెక్క కట్టిన. పది బాక్సులు, బాక్సు 70, నెలకు 26 రోజులు. 18,200 వస్తది. బియ్యం, కూర, గ్యాస్, బాక్సు చేరేసే పెట్రోల్ కలిపి బాక్సుకు 45 పడుతుంది, 11,700. మిగిలేది 6,500. అది కూడా అమ్మ పొద్దున అయిదింటికి లేస్తే. అమ్మ కష్టానికి జీతం వేస్తే ఏం మిగలదు. ఇంకోటి, ఇంటి నుంచి అమ్మినా ఆహార భద్రత చట్టం కింద ఎఫ్ఎస్ఎస్ఏఐ రిజిస్ట్రేషన్ కావాలె, ఫాస్కోస్ పోర్టల్‌లో చేసుకోవచ్చు. ఇంటి ఎర్ర సిలిండర్ మీద వ్యాపారం చెయ్యొద్దు, దానికి 19 కిలోల నీలం సిలిండర్ తీసుకోవాలె. ఆదివారం దోస్తులు ఖర్చు పంచుకునుడు వేరు, రోజూ అమ్ముడు వేరు. పది బాక్సులు ముప్పై అయితే అప్పుడు మళ్లీ కట్టి చూస్త.

రూముల్లో ఉండేటోళ్లకు ఒక మాట. అడ్రస్ ప్రూఫ్ లేక గ్యాస్ కనెక్షన్ రావట్లేదంటే 5 కిలోల చిన్న సిలిండర్ ఉంటది, గుర్తింపు కార్డు చూపిస్తే ఇస్తరు. ముగ్గురు కలిసి తీసుకున్నా రాత్రి అన్నం, ఒక కూర ఇంట్లనే అయిపోతది. పొయ్యి మీద అన్నం ఒక్కటే పెట్టి పక్కన పచ్చిపులుసు చేసుకోండి, దానికి గ్యాస్ దాదాపు అక్కర్లేదు. నిమ్మకాయంత చింతపండు నానబెట్టి పిసికి, అందులో పచ్చి ఉల్లిగడ్డ ముక్కలు, మంట మీద కాల్చిన పచ్చిమిరపకాయలు, ఉప్పు, చిటికెడు బెల్లం, వేయించి దంచిన నువ్వులు ఒక చెంచా. చేత్తో గట్టిగా నలపాలె, రుచంతా ఆ నలుపుట్లనే. ఆఖర్న ఆవాలు, జీలకర్ర పోపు. నలుగురికి సరిపోతది. మెస్‌లో ఒక్క పూటకు పెట్టే డబ్బుతో రెండు రోజులు గడుస్తది.

పని వెతికేటప్పుడు డబ్బు అడిగినోని దగ్గరికి పోవద్దు. "ప్లాంట్‌లో పెట్టిస్త, ముందు ఇంత కట్టు" అనేటోళ్లు పెద్ద ఫ్యాక్టరీ ఉన్న ప్రతి ఊర్ల ఉంటరు. తెలంగాణ ప్రభుత్వానికి డీట్ యాప్ ఉంది, కేంద్రానికి నేషనల్ కెరీర్ సర్వీస్ పోర్టల్ ఉంది, రెండింట్లో పేరు నమోదు ఉచితం. ఫోన్‌లో ఎవరికైనా డబ్బు పంపి మోసపోతే వెంటనే 1930కి కాల్ చెయ్యండి, ఎంత తొందరగా చేస్తే ఆ డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ.

నా సంగతి. వడ్ల వ్యాపారికి ఫోన్ చేసి, సీజన్‌ల ఆదివారాలు కాంటా రాయాల్సి వస్తే పిలవండి సేటూ, వస్త అని చెప్పిన. "నీ ఇష్టం తమ్మీ, పని తెలిసినోనివి, గేటు తెరిచే ఉంటది" అన్నడు. బుధవారం పొద్దున మిల్లుకు పోయి సరే అని చెప్తున్న. ఆధార్, బ్యాంకు పాస్‌బుక్, ఫోటోలు, అమ్మ ఆధార్ కూడా తీసుకపోతున్న, ఈఎస్ఐలో అమ్మ పేరు మొదటి రోజే ఎక్కించుకోవాలె. నెలకు నాలుగు వేలు తక్కువ చేతికొస్తది కాబట్టి బండి ఈఎంఐ ఆలోచన పక్కన పెట్టిన, పాత సైకిల్‌కు టైర్లు మార్పించిన. మొదటి నెల జమ పడిందో లేదో ఆ వచ్చే నెల 15 దాటినంక ఉమంగ్‌లో చూసి, నంబర్ దాచి, ఆ స్క్రీన్ మీకు చూపిస్త.